భయంతో కాపలా కాసే అత్తయ్య, కొత్త కాపురం: ఏది ముందు మార్చాలి?

మహేంద్రతనయ:

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మొన్న మాఘంలో పెళ్ళయింది. ఇంట్లో ముగ్గురమే: అత్తయ్య, మా ఆయన, నేను. మావయ్యగారు లేరు, మా ఆయన ఒక్కడే కొడుకు. ఆయనకు గుణుపురంలో ఉద్యోగం, బండి మీదో రైల్లోనో వెళ్ళొస్తారు. నేను పక్కనే పాతపట్నంలో ఒక ప్రైవేటు బళ్ళో లెక్కలు చెప్తాను.

ముందే చెప్తున్నాను, అత్తయ్యది చెడ్డ మనసు కాదు. నన్ను పల్లెత్తు మాట అనరు. ఆవిడ బాధంతా మా ఇద్దరికీ ఏమవుతుందోనని. నేను క్లాసులో ఉండగానే ఫోను మీద ఫోను. ఎత్తకపోతే ఆయనకి చేస్తారు, ఆయన నాకు చేస్తారు. సాయంత్రం రైలు కాస్త ఆలస్యమైతే వీధి అరుగు మీద నిలబడిపోతారు, ఆయన వచ్చేదాకా మెతుకు ముట్టరు. చీకటి పడ్డాక ఇద్దరం ఒకే బండి మీద వెళ్ళకూడదు. రాత్రి మా గదిలోకి వచ్చి కిటికీ మూస్తారు, ఫ్యాను తగ్గిస్తారు, దుప్పటి సర్దుతారు. మాది పాతకాలం పొడుగిల్లు. మా మంచం నడిమి గదిలో ఉంది, అడ్డం కర్టెన్ ఒక్కటే. నా బంగారం కూడా ‘నా దగ్గరుంటే భద్రం’ అని ఆవిడ బీరువాలోనే పెట్టారు.

వేరు కాపురం పెట్టే ఉద్దేశం మాకు లేదు. ఆవిణ్ణి బాధపెట్టకుండా, మేమూ ఊపిరి పీల్చుకునేలా ఏది ముందు మార్చాలి, ఎలా మార్చాలి, ఎక్కడ బెడిసికొడుతుంది? ‘సర్దుకుపోండి’ అనే సలహా ఇప్పటికే చాలామంది ఇచ్చారు. అది కాక ఇంకేదైనా చెప్పండి.

వంశధార గట్టు:

ఫోన్లతో మొదలుపెట్టండి. గది, వంట, బంగారం అన్నీ ఒకేసారి కదిపితే ఆవిడకు కోడలు వచ్చి కొడుకుని లాగేసుకుంటోందనే అనిపిస్తుంది. ఫోన్ల సంగతి ఒక కొలిక్కి వచ్చాకే రెండోది ముట్టుకోండి. ఒక్కో మార్పుకి కనీసం మూడు వారాలు ఇవ్వాలి.

ఆ ఫోన్లు ఎందుకు ఆగవో చూడండి. భయం వేస్తుంది, ఫోను చేస్తారు, మీ గొంతు వినగానే నెమ్మదిస్తారు. ఆ నెమ్మది కాసేపే. మళ్ళీ భయం, మళ్ళీ ఫోను. చెయ్యకపోయినా కాసేపటికి ఆ భయం దానంతటదే దిగుతుందన్న సంగతి ఆవిడకు తెలిసే అవకాశమే రావడం లేదు. ఇక ఇళ్ళల్లో ఎక్కువగా జరిగేదేమిటంటే, మొదటి నాలుగు ఫోన్లు వదిలేసి విసుగొచ్చి ఐదోది ఎత్తుతారు. ఐదుసార్లు చేస్తే ఎత్తుతారని ఆవిడకు మనమే నేర్పినట్టవుతుంది. అన్నీ ఎత్తడం కంటే ఇది ఎక్కువ చెరుపు చేస్తుంది.

అందుకని ఆవిడ అడగకముందే మీరు చెప్పాలి, రోజూ ఒకే వేళకి చెప్పాలి. బడికి చేరగానే ఒకటి, మధ్యాహ్నం భోజనం వేళ ఒకటి, బయల్దేరేముందు ఒకటి. మీ ఆయన చేరగానే ఒకటి, బయల్దేరేముందు ఒకటి. వీటిలో మాట్లాడే ఫోను మధ్యాహ్నానిదే, అదీ రెండు మూడు నిమిషాలు. మిగతావన్నీ ఒక్క రింగు ఇచ్చి కట్ చెయ్యడమే. ఒక రింగంటే క్షేమంగా ఉన్నామని. మెసేజీ చదవడం అలవాటు లేని పెద్దవాళ్ళకి ఇదే నయం, నెట్ లేకపోయినా వెళ్తుంది. రింగు చూసి ఆవిడ తిరిగి చేస్తే ఎత్తకండి. మొదట్లో తప్పకుండా చేస్తారు.

ఆలస్యానికి వేరే లెక్క కావాలి. ‘పది నిమిషాల్లో వచ్చేస్తానమ్మా’ అని కొడుకులు తక్కువ చేసి చెప్తారు, అమ్మ నెమ్మదిస్తుందని. పదకొండో నిమిషం నుంచి ఆవిడకు నరకం. మామూలుగా ఇంటికి చేరే వేళకి ముప్పావుగంట కలిపి చెప్పమనండి. ఆరున్నరకి వచ్చే మనిషి ఏడుంబావు అని చెప్పాలి. ఏడుంబావు దాటేటట్టుంటే ఏడుకే తను ఫోను చెయ్యాలి. ఈ మాట ఒక్కసారి తప్పినా నెల రోజుల శ్రమ నీళ్ళపాలు. నియమం ఆవిడ కోసమే అనుకోకండి, మీ ఇద్దరికీ అదే కట్టుబాటు.

క్లాసు వేళల్లో ఫోనుకి డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుంటారు కదా, అందులో ‘రిపీట్ కాలర్స్’ అని ఒకటుంటుంది. ఆండ్రాయిడ్‌లో ఒకే మనిషి 15 నిమిషాల్లో రెండోసారి చేస్తే మోగుతుంది, ఐఫోన్‌లో 3 నిమిషాల్లోపు చేస్తే మోగుతుంది. అది ఆపేయండి. లేకపోతే ఆందోళనతో వెంటవెంటనే చేసేవాళ్ళ ఫోనే ముందు మోగుతుంది. మరి నిజంగా అవసరం వస్తే? పక్కింటివాళ్ళ నంబరుకి మినహాయింపు ఇచ్చి ఉంచండి. కింద పడినా, గ్యాస్ వాసన వచ్చినా, ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చినా వాళ్ళ ఫోను నుంచి చేయించమని అత్తయ్యకు చెప్పండి. పక్కింటికి నడిచి వెళ్ళి అడగాలంటే ఉత్త భయం ఆగిపోతుంది, అవసరం ఆగదు. మీ రింగుల వేళలు, పక్కింటి నంబరు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వంటింటి గోడకి అంటించండి. ఆవిడకు ఒడియా చదవడమే వస్తే ఒడియాలో రాయండి.

మొదటి వారం ఫోన్లు పెరుగుతాయి. పనిచెయ్యడం లేదనుకుని చాలామంది అక్కడే వదిలేస్తారు. అలవాటు పోయేముందు ఒకసారి ఎగదన్నుతుంది, అంతే. రెండో వారం చివరికి తేడా తెలియాలి.

ఆయన బండి మీద గుణుపురం వెళ్ళే రోజుల్లో వాట్సాప్ లైవ్ లొకేషన్ ఎనిమిది గంటలపాటు ఉండేలా పెట్టి పంపినా బాగానే ఉంటుంది.

తలుపుచెక్క:

నేను గది గురించే చెప్తాను. మన వైపు పొడుగిళ్ళ వరస ఒకటే: వీధి అరుగు, వీధి గది, నడిమి గది, వంటిల్లు, పెరడు, పెరట్లో బాత్రూము. ఒక గదిలోంచి ఇంకో గదికి దారి. రాత్రి అత్తయ్య పెరట్లోకి వెళ్ళాలంటే మీ మంచం పక్కనుంచే వెళ్ళాలి. అటు వెళ్ళినప్పుడు కిటికీ కనిపిస్తుంది, ఫ్యాను కనిపిస్తుంది, చెయ్యి ఊరుకోదు. ఈ తగువులో సగం ఇంటి ప్లానుదే.

మేడ మీద గది ఉంటే మీరు పైకి వెళ్ళండి, పని సులువు. పెద్దవాళ్ళని మాత్రం పైకి పంపకండి. మేడ లేకపోతే నడిమి గదిలోనే పక్కగా నడవ తీయాలి. గది 12 అడుగుల వెడల్పు ఉంటే 3 అడుగులు నడవకి వదిలినా 9 అడుగులు మిగులుతుంది. ఐదడుగుల మంచం, ఒక బీరువా పడతాయి. గది పొడుగు 10 అడుగులనుకుంటే 7 అడుగుల ఎత్తున అడ్డం కట్టడానికి రెండంగుళాల చదరపు కర్రతో ఫ్రేము, దానికి రెండు వైపులా 12 ఎం.ఎం. ప్లైవుడ్. రెండున్నర అడుగుల తలుపు పోగా వైపుకి రెండు చొప్పున 8×4 షీట్లు నాలుగు సరిపోతాయి, తలుపు పైముక్క మిగిలిన దాంట్లోంచి వస్తుంది. రెండు పొరల మధ్య ఉండే ఖాళీ చప్పుడు కొంత ఆపుతుంది, ఒక్క పొరే వేస్తే మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. నేల కడిగే ఇళ్ళు కాబట్టి తడికి తట్టుకునే బి.డబ్ల్యు.ఆర్. రకమే అడగండి. ప్లై అడుగు నేలకు తగలకుండా అరంగుళం పైకి ఆపించండి. చెద పట్టేది అక్కడినుంచే.

పెంకుటిల్లైతే ఇంకో సంగతి. గదుల మధ్య గోడలు పైకప్పు దాకా ఉండవు, పైన ఖాళీ ఉంటుంది. కింద ఎంత మంచి తలుపు పెట్టినా ఆ ఖాళీలోంచి గుసగుస కూడా పక్క గదికి వెళ్తుంది. థర్మాకోలు పెట్టిస్తారు కొందరు, అది వేడి ఆపుతుంది గానీ చప్పుడు ఆపదు. అక్కడ కూడా ప్లైయే వేయించి, గాలి ఆడటానికి మీ వైపు బయటి గోడకి వెంటిలేటరు ఉంచుకోండి.

తలుపుకి లోపల ఆరంగుళాల టవర్ బోల్టు గడియ చాలు, నేల నుంచి నాలుగు నాలుగున్నర అడుగుల ఎత్తున. వానాకాలంలో కర్ర ఉబ్బుతుంది, ఎండాకాలంలో ఎండి జరుగుతుంది. ఒక కాలంలో బిగించిన గడియ ఇంకో కాలంలో కన్నంలోకి దిగదు. అందుకని ద్వారబంధానికి కొట్టే పట్టీలో రెండు మూడు మిల్లీమీటర్లు వదులు ఉంచమని వడ్రంగికి ముందే చెప్పండి. గడియ పడకపోతే మళ్ళీ కర్టెన్‌కే వస్తారు.

గడియ విషయం ఒంటరిగా ఎత్తకండి. ‘నడవ తీస్తే రాత్రిపూట నీకు దారి సులువు, ఒక జీరో బల్బు కూడా పెడతాను’ అని ఆవిడ సుఖంతో కలిపి చెప్పాలి, అది నిజం కూడా. నడవలో ఆ బల్బు, బాత్రూము గడప దగ్గర పట్టుకోవడానికి ఒక స్టీలు కడ్డీ మీ గది తలుపుతో పాటే పూర్తిచేయించండి. కిటికీ సంగతంటారా, మన జిల్లాల్లో మలేరియా ఉన్నమాట నిజమే, ఆవిడ భయంలో న్యాయం ఉంది. మంచి దోమతెర కట్టి ఆవిడకు చూపించండి. దోమతెర ఉన్నాక కిటికీ తెరిచి పడుకుంటామని అప్పుడే, పగటిపూటే చెప్పండి. అర్ధరాత్రి చేసే వాదన ఎప్పుడూ నిలవదు.

బరంపురం పట్టు:

వంశధార గట్టు గారి మాటలన్నీ ఒప్పుకుంటాను, లైవ్ లొకేషన్ తప్ప. పర్లాకిమిడి, గుణుపురం వైపు కొండల మధ్య సిగ్నలు పోతుంటుంది. సిగ్నలు పోగానే మ్యాపులో గుర్తు ఆగిపోతుంది. చూసేవాళ్ళకు బండి ఆగినట్టే ఉంటుంది. ఫోను చేస్తే ‘అందుబాటులో లేరు’ అని వస్తుంది. ఆ రెండూ కలిస్తే ఆవిడకు గుండె ఆగినంత పని. అంతకంటే ముఖ్యం, అది రోజంతా చూస్తూ కూర్చునే అలవాటుని కొత్తగా నేర్పుతుంది. ఒక్క రింగు పద్ధతి ఆవిణ్ణి ఫోను పక్కన పెట్టనిస్తుంది. లొకేషన్ పెట్టనివ్వదు.

ఇక అసలు సంగతి. ఈ మాటలన్నీ ఎవరు చెప్తారు? మీ ఆయనే చెప్పాలి. మీరు ఆ సమయంలో పక్కన ఉండకపోయినా పరవాలేదు, ఉన్నా మాట్లాడకండి. ఎక్కడ చెడుతుందో చెప్తాను. కొడుకు నొచ్చుకోకుండా తప్పించుకోవాలని ‘తనకి ఇబ్బందిగా ఉందంటమ్మా’ అంటాడు. ఆ ‘అంట’తో భారమంతా మీ నెత్తిన పడుతుంది. ‘నేను’, ‘మేం’ అని మాత్రమే అనాలి. ఉదాహరణకి:

‘అమ్మా, రేపటినుంచి చేరగానే ఒక రింగిస్తాను. బయల్దేరేముందు ఒకటిస్తాను. మధ్యలో నువ్వు చేసినా నేను ఎత్తను, పనిలో ఉంటాను. ఏడుంబావు దాటేలా ఉంటే నేనే ముందు చేస్తాను, అది నా పూచీ.’

ఇంతే. కారణాలు పది చెప్పకూడదు. ఎన్ని చెప్తే అన్నిటికీ ఆవిడ దగ్గర ఒక్కో జవాబు ఉంటుంది. ఆవిడ ఏడిస్తే కూర్చుని చెయ్యి పట్టుకోవాలి, మాట మాత్రం మార్చకూడదు. ‘మీ నాన్న పోయినప్పటినుంచి నాకు ఇంతే’ అంటారు. దానికి ‘తెలుసమ్మా’ అనాలి, ఊరికే అనడం కాదు, కాసేపు ఆ మాట విని అనాలి. భయం తగ్గించడానికి వాదించడం పనికిరాదు. విన్నారని తెలిస్తే కొంత తగ్గుతుంది.

చీకట్లో బండి ప్రయాణం మీద ఆవిడతో బేరం కుదుర్చుకోవచ్చు, ఎందుకంటే ఆ భయంలో నిజం ఎక్కువ. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. ఇద్దరూ ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నవి పెట్టుకోండి, ఊళ్ళో తిరిగినా సరే. గుణుపురం రోడ్డు మీద చీకటి పడ్డాక ఇద్దరూ బండి మీద వెళ్ళబోమని మీరే మాటివ్వండి. దానికి బదులు ఊళ్ళో రాత్రి తొమ్మిదింటిదాకా తిరగడం మీ ఇష్టం. మాటిచ్చినదాన్ని అక్షరాలా పాటిస్తేనే రెండోదానికి విలువ.

మహేంద్రతనయ:

అందరికీ చాలా కృతజ్ఞతలు. లొకేషన్ మానేస్తాం, రింగు పద్ధతి సోమవారం నుంచి మొదలుపెడతామని మా ఆయన కూడా ఒప్పుకున్నారు. అత్తయ్య తెలుగు, ఒడియా రెండూ చదువుతారు.

రెండు సంగతులు చెప్పడం మర్చిపోయాను. ఆవిడకు మా పెళ్ళికి చాలా ముందునుంచే నిద్ర పట్టదు, గుండె దడగా ఉంటుందంటారు. షుగరు మాత్రలు వేసుకుంటారు. రెండోది, నేను వంటింట్లోకి వెళ్తే ‘నువ్వు బడినుంచి అలిసొచ్చావు’ అని గరిటె లాక్కుంటారు. మా ఆయన క్యారేజీ నేను కడితే తెరిచి మళ్ళీ సర్దుతారు. బంగారం ఎలా అడగాలో కూడా తెలియడం లేదు.

రాయగడ 765:

షుగరు మాత్రలు అన్నారు కాబట్టి ఇది అన్నిటికంటే ముందు. కొడుకు వచ్చేదాకా తిననని కూర్చోవడం ఆవిడకు ప్రమాదం. కొన్ని షుగరు మాత్రలు వేసుకుని వేళకి తినకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది. అప్పుడు పట్టేది చెమట, వణుకు, గుండె దడ, ఏదో జరగబోతోందన్న భయం. అచ్చం ఆందోళనలాగే ఉంటుంది. సాయంత్రం ఆవిడ అరుగు మీద పడే బాధలో ఇది ఎంత పాలో ఇంట్లో గ్లూకోమీటరు ఉంటే తేలుతుంది. దడగా ఉన్నప్పుడే చూడాలి. 70 కంటే తక్కువ వస్తే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించి, పావుగంటకి మళ్ళీ చూసి, ఆ తర్వాత అన్నం పెట్టాలి, ఆ వారమే డాక్టరుకి చెప్పాలి. మాత్ర మోతాదు మీరు మార్చకండి. రాత్రి భోజనం వేళ గడియారం చూసి ఉండాలి, కొడుకు రాకని బట్టి ఉండకూడదు. ఈ ఒక్క మాట డాక్టరు నోటితో చెప్పించండి, మీ మాట కంటే తొందరగా వింటారు.

తర్వాత థైరాయిడ్ పరీక్ష, అంటే టి.ఎస్.హెచ్., హిమోగ్లోబిన్ చేయించండి. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తే దడ, నిద్రలేమి, కంగారు వస్తాయి. రక్తం తక్కువైనా దడే. ఇవన్నీ బాగుండి, ఆరు నెలలకు పైగా చాలా రోజులు అదుపులో లేని ఆందోళన, నిద్రలేమి, ఒళ్ళు బిగదీయడం, చిన్న సంగతికే ఉలికిపడటం ఉంటే అది వైద్యం ఉన్న జబ్బు. మాట్లాడి చేసే చికిత్స ఉంది, మందులూ ఉన్నాయి. ఆ మందులు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి వారానికే ‘లాభం లేదు’ అని ఆపెయ్యకూడదు.

ఒక హెచ్చరిక. నిద్ర పట్టడం లేదంటే మందుల షాపులో ఆల్ప్రజోలం లాంటి మాత్ర చీటీ లేకుండా ఇచ్చేవాళ్ళున్నారు. పెద్దవయసులో దానివల్ల తూలి పడతారు, తుంటి ఎముక విరుగుతుంది, కొన్నాళ్ళకి అది లేకపోతే నిద్రే రాదు. తెచ్చి ఇవ్వకండి.

ఎక్కడికి వెళ్ళాలంటే, ముందు షుగరు చూసే డాక్టరు దగ్గరికే. అక్కడినుంచి అవసరమైతే బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. తెలుగులోనే మాట్లాడాలంటే విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రయాణం చెయ్యనంటే టెలి మానస్ నంబరు 14416, ఉచితం, రోజంతా పనిచేస్తుంది, తెలుగు గానీ ఒడియా గానీ ఎంచుకోవచ్చు. ముందు మీరిద్దరే ఫోను చేసి ఆవిడతో ఎలా మాట్లాడాలో అడగవచ్చు. ఆవిడకు ‘నీ నిద్ర గురించి, దడ గురించి’ అని చెప్పి తీసుకెళ్ళండి. అది అబద్ధం కాదు, ఆవిడను బాధపెడుతున్నది అవే.

ఇచ్ఛాపురం వదిన:

చెల్లీ, వంటింటి సంగతి. గరిటె లాక్కుంటున్నారంటే ఆ ఇంట్లో ఆవిడకంటూ మిగిలిన చోటు అదేనని గుర్తుపెట్టుకో. పూర్తిగా తీసుకుంటే ఆ ఖాళీ అంతా మళ్ళీ మీ మీద దిగులై కూర్చుంటుంది. పూటలు పంచుకోండి. పొద్దున్న వంట, ఇద్దరి క్యారేజీలు ఆవిడవి, నువ్వు చెయ్యి పెట్టకు. రాత్రి వంట నీది, ఆవిడ కూర్చుని కూర తరిగితే తరగనీ. వారంలో ఒక రాత్రి మీ ఆయన చెయ్యాలి, అది ముందే చెప్పేయండి.

రాత్రి ముగ్గురికి గ్లాసున్నర బియ్యం, అంటే 300 గ్రాములు. అర గ్లాసు కందిపప్పు, ఒక కూర. ఆవిడ ఆరుగురికి వండే చేతిది అయ్యుంటుంది, తక్కువనిపిస్తుంది. మొదటి వారం గుప్పెడు ఎక్కువే వెయ్యి, మిగిలింది నీళ్ళు పోసి పొద్దున్నకి చద్ది చెయ్యి. షుగరున్న ఆవిడకు చద్ది పెట్టకు, మీరు తినండి. వారం గడిచాక కొలతకి వచ్చెయ్యి. నువ్వు వండిన రోజు ఆవిడ పక్కన ఇంకో పులుసు పెడితే కాదనకు. కొడుకు తినలేదేమోనన్న దిగులు అలా తీర్చుకుంటారు. వడ్డన మాత్రం గిన్నెలు మధ్యలో పెట్టుకుని ఎవరికి వాళ్ళు వేసుకునే పద్ధతికి మార్చండి. కంచంలో కుమ్మరించడం దానంతటదే ఆగుతుంది.

సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఆవిడ కొడుకు కోసం ఎదురుచూస్తూ ఉంటారు, భయమంతా ఆ వేళలోనే. ఆ వేళకి ఒక మనిషి కావాలి. మార్గశిరంలో లక్ష్మివారం పూజకి మన తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ కలిసే ముగ్గు వేసుకుంటారు. అలాంటి వరసలో ఆవిడకు తోటివాళ్ళు ఇప్పటికే ఉంటారు. వారంలో రెండు సాయంత్రాలు వాళ్ళింటికి ఆవిడ, ఇంకో సాయంత్రం వాళ్ళు మీ ఇంటికి. టీ, అటుకులు నువ్వు ముందే తీసిపెట్టి వెళ్ళు.

బంగారానికి వస్తే, అడిగి తీసుకోవడం అని పెట్టుకుంటే తగువవుతుంది. ‘లాకరు తీసుకుంటున్నాం, నీవి కూడా పెట్టుకుందాం అమ్మా’ అని మీ ఆయన చేత చెప్పించు. ముందు ఇంట్లోనే ఆవిడ ఎదుట ఒక్కొక్క నగ తూకం గ్రాముల్లో రాసి, ఫోటో తీసి, బిల్లులుంటే జతచేసి రెండు కాపీలు పెట్టండి. నీవి ఒక కాగితం, ఆవిడవి ఇంకొకటి, కలపకండి. లాకరు మీ ఆలుమగలిద్దరి పేరున, ఇద్దరిలో ఎవరైనా తెరవగలిగేలా, నామినీతో తీసుకోండి. బ్యాంకులో దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే బ్యాంకు బాధ్యత లాకరు ఏడాది అద్దెకు 100 రెట్ల వరకే, 2022 నుంచి రూలు అది. కాబట్టి ఎక్కువ బంగారం ఉంటే ఇన్సూరెన్సు విడిగా చూసుకోవాలి. రోజూ వేసుకునేవి నీ దగ్గరే ఉంచుకో.

ఇంకొక్క మాట. మీ అత్తయ్య అలాంటి మనిషి కాదని నువ్వన్నావు, నమ్ముతున్నాను. కానీ ఇది చదివే వేరే కోడళ్ళు కూడా ఉంటారు. సర్టిఫికెట్లు దాచెయ్యడం, ఫోను లాక్కోవడం, ఉద్యోగం మాన్పించడం, పుట్టింటికి పంపకపోవడం, అడిగినా నగలు ఇవ్వకపోవడం ప్రేమ కిందికి రావు. 2005 గృహహింస చట్టం వాటిని హింస కిందే చూస్తుంది, ఫిర్యాదు అత్తగారి మీద కూడా ఇవ్వచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181.

మహేంద్రతనయ:

షుగరు సంగతి చదవగానే మీటరు తెప్పించాం, రేపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. వదినగారూ, పూటలు పంచుకోవడం నాకు బాగా నచ్చింది. చివరిగా ఒకటి అడగాలి. ఆషాఢం దగ్గరపడుతోంది, నేను టెక్కలిలో అమ్మావాళ్ళింటికి వెళ్ళాలి. ఆ నెల అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదంటారు కదా, ఆవిడ అది బాగా పాటిస్తారు. మొదలుపెట్టినవి ఆ నెలలో ఏమవుతాయి? నడవ పని ఆ నెలలో చేయించేస్తే సరిపోతుందా?

తలుపుచెక్క:

పని ఆషాఢంలో పెట్టకండి. ఆ నెల ఇంట్లో మేకు కొట్టినా ఆవిడకు గుచ్చుకుంటుంది. మీరు లేనప్పుడు గది కట్టించారన్న మాట ఎప్పటికీ మిగులుతుంది. వానలు పడ్డాక కర్ర తడి ఆరదు కాబట్టి వడ్రంగితో కొలతలు మాత్రం ఇప్పుడే తీయించి కర్ర కొనేసి నీడన ఆరబెట్టండి. శ్రావణంలో ఆవిణ్ణే మంచి రోజు చూడమనండి. ఫ్రేము, ప్లై, తలుపు ఇద్దరు మనుషులకి రెండు మూడు రోజుల పని.

వంశధార గట్టు:

ఆషాఢంలో జారిపోయేది మీ ఆయన రింగులే. ఇంట్లో తల్లీకొడుకులే ఉంటారు, ‘ఇప్పుడెవరికి ఇబ్బంది’ అని ఆవిడ చేసిన ప్రతి ఫోనూ ఎత్తడం మొదలుపెడతారు. మీరు తిరిగొచ్చేసరికి మళ్ళీ మొదటికొస్తుంది, ‘ఈ నెలంతా బాగానే ఉన్నాం కదా’ అన్న మాట కూడా పుడుతుంది. అందుకని మీరు వెళ్ళేలోగా రింగు పద్ధతికి మూడు వారాలు నిండేలా చూసుకోండి. ఒడియావాళ్ళ రజో పండగ రోజులు ఆ లెక్కలోకి తీసుకోకండి, ఇంటినిండా జనం ఉంటారు, ఏ నియమమూ నిలవదు.

మీరు టెక్కలి నుంచి రోజూ ఒకసారి అత్తయ్యకే ఫోను చెయ్యండి, మీ ఆయనకి చేసేది కాక వేరేగా. సాయంత్రం ఐదున్నరకి, ఆవిడకు కష్టంగా ఉండే వేళకి. ఏం వండారు, తిన్నారా, మీటరు ఎంత చూపించింది అని ఆవిడ గురించే అడగండి. పది నిమిషాలు మాట్లాడినా పరవాలేదు, ఇది మీరు చేసిన ఫోను. మీరు తిరిగొచ్చాక కూడా ఈ పలకరింపు మానకండి, అరుగు మీద పక్కన కూర్చుని అదే వేళకి మాట్లాడండి. రాత్రి ఎనిమిదికి ఆవిడ కంచం పెట్టేసే బాధ్యత ఆ నెల మీ ఆయనది. తను రావడం ఆలస్యమైతే పక్కింటివాళ్ళని ఒకసారి తొంగిచూసి తినిపించమని చెప్పి ఉంచమనండి.